మేని రంగు మార్చే సూది – అమానతు ప్రశ్న

మనిషి తన శరీరానికి యజమానా? లేక కొంతకాలం కోసం అప్పగించబడిన సొత్తుకు కాపలాదారుడా? పైకి చూస్తే ఇది పండితులు కూర్చొని తర్కించుకోవలసిన ప్రశ్నలా కనిపిస్తుంది. కాని నేడు ఇది భువనగిరి లాంటి పట్టణాలలోని మామూలు ముస్లిం కుటుంబాల గడప దాటి లోపలికి వచ్చింది. వచ్చిన దారి కూడా విచిత్రమైనదే. పెళ్ళి సంబంధాల మాటల మధ్య నుంచి, సెల్ ఫోనులోని ప్రకటనల మధ్య నుంచి, ఒక చిన్న గాజుసీసా రూపంలో వచ్చింది.

మన ఇళ్ళలో రిష్తా మాటలు ఎలా సాగుతాయో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. పిల్ల డిగ్రీ చదివింది, ఖుర్ఆన్ చక్కగా పారాయణం చేస్తుంది, నమాజు తప్పదు, ఇంటిపని తెలుసు. ఇన్నీ చెప్పిన తర్వాత ఎవరో ఒక పెద్దమ్మ గొంతు తగ్గించి, "కాకపోతే కాస్త రంగు తక్కువ" అంటుంది. ఆ 'కాకపోతే' అన్న ఒక్క మాటతో అంతకు ముందు చెప్పినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ మాట పక్క గదిలో ఉన్న పిల్ల చెవిన పడుతుంది. పడకుండా ఎవరూ జాగ్రత్త పడరు కూడా. ఒకటి రెండు సంబంధాలు ఇలాగే వెనక్కి పోయాక, "దిగులెందుకు, ఇప్పుడు హైదరాబాదులో దానికి ఇంజెక్షన్లు ఇస్తున్నారు, పది పన్నెండు వేయించుకుంటే తెల్లబడతారట" అని బంధువులలో ఒకరు సలహా ఇస్తారు. తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళుతుంది.

ఈ వ్యాసం ఆ సూదిని గురించి. అయితే ముందుగా దీనికి పూర్తిగా తలక్రిందులైన మరో సూదిని గురించి చెప్పుకోవాలి. అది తెలిస్తేనే ఈ వ్యవహారంలోని అసలు మోసం అర్థమవుతుంది.

యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో తెల్లని చర్మం గలవారు తమ చర్మం పాలిపోయినట్టుందని బాధపడతారు. ఎండలో కాలి గోధుమరంగుకు తిరిగిన మేనే అక్కడ అందానికి, ఆరోగ్యానికి, సెలవులు గడపగలిగే సంపన్నతకు గుర్తు. అందుకోసం సముద్రతీరాలలో గంటల తరబడి పడుకుంటారు. యంత్రాల వెలుగులో పడుకుంటారు. ఇది చాలక వేలాది మంది 'మెలనోటాన్' అనే మందును పొట్ట చర్మం క్రింద తమకు తామే సూదితో ఎక్కించుకుంటున్నారు. మన పిల్ల ఏ రంగును వదిలించుకోవాలని గొలుసు తాకట్టు పెట్టిందో, దాదాపు అదే రంగును తెచ్చుకోవటానికి వారు డబ్బు పోసి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారన్నమాట!

మెలనోటాన్ పుట్టింది మంచి ఉద్దేశంతోనే. 1980 దశకంలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, మన శరీరంలో సహజంగా ఊరే ఒక హార్మోనును పోలిన పదార్థాలను తయారుచేశారు. ఆ హార్మోను చర్మకణాలకు 'నల్లని రంగును తయారుచేయండి' అని కబురు అందిస్తుంది. ఎండ వేడిమి తగలకుండానే చర్మాన్ని కాస్త నల్లబరిస్తే తెల్లజాతివారిలో అధికంగా కనిపించే చర్మ క్యాన్సర్‌ను నివారించవచ్చునని వారి ఆశ. ఇటువంటి పదార్థాలను పెప్టైడులు అంటారు. అంటే అమైనో ఆమ్లాలనే పూసలను వరుసగా గుచ్చిన చిన్న దండలు. ఈ పేరు విని భయపడనక్కరలేదు. మన ఇళ్ళలో మధుమేహ రోగులు రోజూ తీసుకునే ఇన్సులిన్ కూడా 51 పూసల ఇటువంటి దండే. అది లక్షల ప్రాణాలను నిలబెడుతోంది. కనుక తప్పు పదార్థపు జాతిలో లేదు. ఏది, ఎవరికి, ఎందుకు, ఎవరి పర్యవేక్షణలో అన్నదే ప్రశ్న.

ఆ పరిశోధన నుంచి రెండు మందులు వచ్చాయి. మొదటి దానికి అఫామెలనోటైడ్ అని పేరు. ఎండ సోకితేనే భరించరాని మంటతో విలవిలలాడే ఒక అరుదైన పుట్టు జబ్బు ఉంది. ఆ రోగులు పగటిపూట ఇంటి నుంచి బయటికి రాలేరు. వారి కోసం ఈ మందుకు యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో అనుమతి లభించింది. దాన్ని వైద్యుడే బియ్యపుగింజంత ముక్కగా చర్మం క్రింద అమరుస్తాడు. రెండవది 'మెలనోటాన్-2'. ఏడు పూసల ఈ దండకు నేటివరకూ ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ వైద్యానికి అనుమతి ఇవ్వలేదు. అంగళ్ళలో, ఇంటర్నెట్‌లో దొంగచాటుగా అమ్ముడుపోయేది ముఖ్యంగా ఇదే. సీసా మీద 'పరిశోధన కొరకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు' అని రాస్తారు. చట్టం నుంచి తప్పించుకోవటానికి రాసిన ఆ వాక్యంలో, పాపం, అబద్ధం లేదు.

దాని ఫలితాలు ఏమిటి? సూది వేసుకున్న కొద్దిసేపటికే ముఖం వేడెక్కి ఎర్రబడుతుంది. వికారం, వాంతులు, ఆకలి చచ్చిపోవటం సాధారణం. రక్తపోటు పెరగవచ్చు. పురుషులలో జననాంగం గంటల కొద్దీ బిగుసుకుపోయి తీవ్రమైన నొప్పి కలుగుతుంది. నాలుగు గంటలు దాటితే అది అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తవలసిన స్థితి, ఆలస్యమైతే శాశ్వత నష్టం. కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు, మూత్రపిండానికి రక్తప్రసారం ఆగిపోయిన సంఘటన వైద్య పత్రికలలో నమోదయ్యాయి. అన్నిటికన్నా వైద్యులను కలవరపెడుతున్నది పుట్టుమచ్చల సంగతి. ఉన్న మచ్చలు నల్లబడి పెరుగుతాయి, కొత్తవి పుట్టుకొస్తాయి. మచ్చలో నుంచి ప్రాణాంతకమైన మెలనోమా క్యాన్సర్ బయటపడిన కేసులు కూడా వచ్చాయి. మందే దానికి కారణమని ఇంకా నిరూపణ కాలేదు. కాని మచ్చలన్నీ ఒక్కసారిగా మారిపోతుంటే వాటిలో క్యాన్సర్ మచ్చ ఏదో గుర్తుపట్టటం వైద్యునికి కష్టమవుతుంది. క్యాన్సర్‌ను నివారించాలని మొదలైన ప్రయత్నం క్యాన్సర్‌ను దాచిపెట్టే ముసుగుగా తయారైంది. డెన్మార్క్, బ్రిటన్, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలు 2007–2008 ప్రాంతం నుంచే ప్రజలను హెచ్చరిస్తూ వస్తున్నాయి. దేహదారుఢ్య పోటీలకు దిగే కుర్రవాళ్ళు వేదిక మీద కండరాలు స్పష్టంగా కనబడాలని ఒంటికి ముదురు రంగు పూసుకోవటం మన దేశంలోనూ ఉంది. వ్యాయామశాలలకు వెళ్ళే మన యువకుల తల్లిదండ్రులు ఈ మందు పేరును గుర్తుంచుకోవటం మంచిది.

ఇక మన వైపు సూది. దీని పేరు గ్లుటాథియోన్. ఇది మూడే పూసల దండ. మన కాలేయం దీన్ని స్వయంగా తయారుచేసుకుంటుంది. మన దేశంలో దీని ఇంజెక్షనుకు అనుమతి ఉన్నది కాలేయ వ్యాధుల చికిత్సకే గాని తెల్లబడటానికి కాదు. క్యాన్సర్ రోగులకు ఇచ్చే మందుల దుష్ఫలితాలు తగ్గించటానికి దీన్ని వాడినప్పుడు కొందరి చర్మం కాస్త తేలికపడింది. ఒక మందు ప్రక్కఫలితాన్ని పట్టుకొని వ్యాపారులు దాన్నే అసలు సరుకుగా మార్చివేశారు. ఫిలిప్పీన్స్‌లో ఈ వ్యాపారం విపరీతమయ్యాక అక్కడి ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరిక జారీచేసింది. కాలేయానికి, మూత్రపిండాలకు, నరాలకు హాని జరగవచ్చుననీ, చర్మం కాలినట్టు ఊడిపోయే భయంకరమైన ప్రతిచర్య రావచ్చుననీ చెప్పింది. చర్మాన్ని తెల్లబరిచే ఏ ఇంజెక్షనుకూ తాను అనుమతి ఇవ్వలేదని అమెరికా సంస్థ కూడా స్పష్టం చేసింది. 2016లో పాకిస్తాన్ చర్మవైద్యుల పత్రికలో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. మందు ఎక్కించుకున్న పాతికమందిలో ఎనిమిది మందికి కాలేయం పనితీరు దెబ్బతిన్నది. ఒకరు ప్రాణాపాయకరమైన ఎలర్జీకి లోనయ్యారు. ఆరు నెలల తర్వాత చూస్తే తెలుపు నిలిచింది ఒక్కరికే.

ఆరు నెలలు! నికాహ్ నాటికి తెల్లగా ఉండి, తొలి సంతానం కడుపున పడే నాటికి మళ్ళీ తన రంగుకు తిరిగివచ్చే పిల్ల అత్తవారింట్లో ఏమేమి వినవలసి వస్తుందో ఊహించండి. వరుని ఇంటివారికి చూపించింది ఒకటి, పంపించింది ఒకటి అన్న నింద కూడా ఆమె మీదనే పడుతుంది. ఇందులో మోసం అంశ కూడా ఉందన్న సంగతిని ఎవరూ ఆలోచించటం లేదు. సంబంధం కుదుర్చుకునే వేళ లోపాన్ని దాచటం, లేనిదాన్ని ఉన్నట్టు చూపటం ధర్మసమ్మతం కాదు. కాని అసలు ప్రశ్న వేరే ఉంది. దాచవలసిన లోపం అని నల్లదనానికి పేరు పెట్టినవారు ఎవరు?

ఇక్కడ శరీర నిర్మాణాన్ని కాస్త చూద్దాం. చర్మంలో రంగును తయారుచేసే కణాలుంటాయి. ఆశ్చర్యం ఏమిటంటే స్వీడన్ దేశస్థునిలోనైనా, సూడాన్ దేశస్థునిలోనైనా, నల్గొండ రైతుకూలీలోనైనా ఈ కణాల సంఖ్య దాదాపు సమానమే. తేడా అవి తయారుచేసే మెలనిన్ అనే రంగు రేణువుల రకంలో, పరిమాణంలో, పంపకంలో ఉంది. ఆ రేణువులు కణంలోని జన్యుపదార్థం మీద గొడుగులా కమ్ముకొని సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి దాన్ని కాపాడతాయి. మన జిల్లాల ఎండ సంగతి తెలిసిందే. చెట్టు నీడ లేని రాతిగుట్టలు, మేలో మధ్యాహ్నం బయట అడుగుపెట్టలేని సెగ. ఈ నేల మీద పుట్టిన మనిషికి సృష్టికర్త ఆ గొడుగు పట్టి పంపాడు. దివ్య ఖుర్ఆన్ 'రూమ్' సూరాలో మానవుల భాషలలో, రంగులలో ఉన్న వైవిధ్యాన్ని భూమ్యాకాశాల సృష్టితో పాటు దేవుని సూచనల వరుసలో పేర్కొనటం జరిగింది. సూచనలు జ్ఞానవంతుల కోసం అని కూడా అక్కడే ఉంది. మనం సూచనను చూడటం మాని దాన్ని కడిగేయటానికి సూది వెతుకుతున్నాము.

ఇంతవరకూ మందు అసలుదే అనుకొని మాట్లాడాము. చేతికి వచ్చే సీసాలో అసలు ఏముందో ఎవరికి తెలుసు? మాత్ర మింగితే జీర్ణాశయం, కాలేయం అనే రెండు తనిఖీ కేంద్రాలను దాటాలి. రక్తనాళంలోకి నేరుగా ఎక్కే ద్రవానికి ఏ తనిఖీ లేదు. అందుకే ఇంజెక్షను మందు క్రిమిరహితంగా ఉండాలన్న నియమం అంత కఠినంగా ఉంటుంది. 2019లో అమెరికాలో ఆహార పదార్థాల శ్రేణికి చెందిన గ్లుటాథియోన్ పొడితో ఇంజెక్షన్లు తయారుచేయగా, అందులోని బ్యాక్టీరియా విషం వల్ల ఏడుగురు వాంతులు, చలిజ్వరంతో బాధపడ్డారు. అంత కట్టుదిట్టమైన దేశంలోనే అలా జరిగితే, బ్యూటీ పార్లరు వెనక గదిలో, లేబులు చదవరాని సీసాతో, ఎవరికి ముందు వాడారో తెలియని సూదితో ఏం జరగవచ్చు? హెపటైటిస్-బి, హెచ్ఐవి లాంటివి ఆ దారినే వస్తాయి. వైద్యవిద్య తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) బోధించినట్టు అబూదావూద్, నసాయీ, ఇబ్నెమాజా హదీసు గ్రంథాలలో ఉంది. పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితం నిర్ణయించిన ఈ బాధ్యతను మన గల్లీలలోని సూదిమందు దుకాణాలకు ఎవరు గుర్తుచేయాలి?

సూది లేకపోయినా తెల్లబడే ఆరాటం మూత్రపిండాలను దెబ్బతీయగలదని కేరళలోని మలప్పురం జిల్లా చూపించింది. అక్కడ 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒకే రకమైన మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మంది రోగులను వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందిలో ఆ జబ్బులోని ఒక అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నవారే. ఆ క్రీములలో పాదరసం ఉంది. మలప్పురం ముస్లింలు అధికంగా నివసించే జిల్లా అన్న విషయం మనం ప్రత్యేకంగా గమనించాలి.

సరే, 'శరీరం అమానతు' అంటే చేయి వేయకూడదని అర్థమా? కాదు. ఇక్కడ కొందరు అతిగా పోతారు, ఏ మార్పు చేసినా సృష్టిని మార్చటమే అంటారు. ధర్మం అలా చెప్పలేదు. హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు ఇస్లాంకు పూర్వం కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. దైవప్రవక్త (సఅసం) ఆయన్ని బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధం కదా! అయినా అనుమతించారు. పోయినదాన్ని పూడ్చటం వేరు, ఉన్నదాన్ని తిరస్కరించటం వేరు. మరో వైపు, అందం కోసం పళ్ళను అరగదీయించుకొని సందులు పెట్టించుకునే వారినీ, పచ్చబొట్లు పొడిపించుకునే వారినీ ఆయన గట్టిగా మందలించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. సృష్టిని మార్చేలా మనుషులను పురికొల్పుతానని షైతాను పలికిన శపథాన్ని 'నిసా' సూరా ప్రస్తావించింది.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో మన నల్గొండ వారికి అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాదేమో. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో తరతరాలుగా ఫ్లోరైడు నీరు తాగి ఎందరి పళ్ళు గోధుమరంగుకు తిరిగి గారకట్టాయో, ఎందరి ఎముకలు వంగిపోయాయో తెలియనిదెవరికి? ఆ పిల్లవాడు దంతవైద్యుని దగ్గరికి వెళ్ళి పళ్ళకు తొడుగులు వేయించుకుంటే అది సృష్టిని మార్చటం కాదు. నీరు చేసిన గాయానికి చికిత్స. బొల్లి మచ్చలు వచ్చినవారు, కాలిన గాయాల వారు చర్మపు రంగు తిరిగి రావాలని వైద్యం చేయించుకోవటమూ అంతే. ఎండ సోకితే కాలిపోయే ఆ అరుదైన రోగికి అఫామెలనోటైడ్ వరమే. దాదాపు అదే జాతి మందు, జబ్బు లేనివాడు రంగు కోసం తీసుకుంటే విషం. కనుక సీసాను చూసి తీర్పు చెప్పలేము. దాన్ని చేత పట్టిన ఉద్దేశాన్నీ, అది చేసే హానినీ కలిపి చూడాలి. తాత్కాలికంగా రంగు తేలికపరిచే సాధనాల విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది. కాని ఈ సూదుల విషయంలో ఆ చర్చ దాకా పోనవసరం లేదు. తమను తాము వినాశంలోకి నెట్టుకోరాదన్న 'బఖరా' సూరా ఆదేశం, హాని చేయకూడదు, ప్రతిహాని కూడా చేయకూడదు అన్న ప్రవక్త సూత్రం చాలు.

"మరి మెహందీ పెట్టుకోమంటారు, సుర్మా పెట్టుకోమంటారు, నెరిసిన గడ్డానికి గోరింటాకు పట్టించమంటారు, అవి రంగులు కావా?" అని ఒక చదువుకున్న అమ్మాయి అడిగితే జవాబు చెప్పవలసిందే. అది మంచి ప్రశ్న. మెహందీ పైన ఉంటుంది, అది మెహందీ అని చూసేవాళ్ళందరికీ తెలుసు, పది రోజులకు పోతుంది, ఏ అవయవాన్నీ బాధించదు. అన్నిటికీ మించి, అది 'నా చేయి బాగుంది, దాన్ని అలంకరిస్తాను' అంటుంది. తెల్లబడే సూది 'నేను బాగాలేను, నన్ను తొలగించండి' అంటుంది. అలంకారం ఒక కృతజ్ఞత. ఇది ఫిర్యాదు. ఎవరి మీద ఫిర్యాదో ఆ అమ్మాయికి తెలియకపోవచ్చు.

"నా శరీరం, నా డబ్బు, నా ఇష్టం" అన్న వాదన కూడా వింటున్నాము. నిజంగా ఇష్టమేనా? మనుషులే లేని దీవిలో ఉంటే ఆమె ఆ సూది వేయించుకుంటుందా? బ్రిస్బేన్‌లో పుట్టి ఉంటే నల్లబడే సూదికీ, భువనగిరిలో పుట్టినందుకు తెల్లబడే సూదికీ చేయి చాచటాన్ని ఇష్టం అందామా? ఒకే మనిషి, ఒకే చర్మం, చూసే కళ్ళు మాత్రం వేరు. ఆ కళ్ళు చెప్పిన దాన్ని తన కోరిక అనుకొని ఆమె సూది ముందు చేయి పెడుతోంది. కనుక ఈ పాపంలో ఆమె వాటా ఎంతో అల్లాహ్‌కు తెలుసు గాని, 'కాకపోతే' అన్న పెద్దమ్మ వాటా, 'తెల్లపిల్ల కావాలి' అని దళారీకి చెప్పిన వరుని తల్లి వాటా, మౌనంగా విన్న తండ్రి వాటా అంతకంటే తక్కువ కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అన్నిటికంటే పెద్ద వాటా వరునిది. తాను ఎంత రంగులో ఉన్నాడో అద్దంలో చూసుకోని వాడిది!

రంగు గురించి ఇటువంటి మాటలు ప్రవక్త (సఅసం) ముందుకు కూడా వచ్చాయి. ఒక పల్లెవాసి వచ్చి తన భార్య నల్లని మగబిడ్డను ప్రసవించిందని చెప్పాడు. మాటలో అనుమానం ఉంది. ఆయన కోపగించుకోలేదు, ఉపన్యసించలేదు. నీకు ఒంటెలున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. వాటి రంగేమిటి? ఎరుపు. వాటిలో బూడిదరంగువి ఉన్నాయా? ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఏదో పూర్వపు రక్తం లాగి ఉంటుందన్నాడు ఆ పల్లెవాసి. నీ కుమారుణ్ణి కూడా అలాగే పూర్వపు రక్తం లాగి ఉండవచ్చునన్నారు. బుఖారీలోని ఈ సంఘటనలో ఆ మనిషి నోటితోనే ఆ మనిషికి జవాబు చెప్పించిన తీరు చూడండి. తన మందలో బూడిదరంగు ఒంటెను సంతోషంగా లెక్కపెట్టుకున్నవాడు తన ఇంట్లో నల్లని బిడ్డను చూసి ఉలిక్కిపడ్డాడు. మనమూ అంతే. నల్లబర్రె కొమ్ములకు పసుపు రాసి మురిసిపోతాము, నల్లపిల్ల పుడితే నిట్టూరుస్తాము.

హజ్రత్ అబూజర్ (రజి) అంతటి గొప్ప సహాబీ ఒకరిని తల్లి పేరుతో ఎత్తిపొడిస్తే, నీలో ఇంకా అజ్ఞానకాలపు ఛాయ ఉందని ఆయన (సఅసం) మందలించారు. అంతిమ హజ్ ప్రసంగంలో తెల్లవాడికి నల్లవాడిపై ఆధిక్యం లేదని ప్రకటించటం మనందరికీ తెలుసు, జుమా ఖుత్బాలలో వింటూనే ఉంటాము. ఇతర మతాల సోదరులకు ఇస్లాంలోని సమానత్వాన్ని పరిచయం చేసేటప్పుడు హజ్రత్ బిలాల్ (రజి) పేరు మొదట చెబుతాము. అదే మనం సాయంత్రం రిష్తా మాటలకు కూర్చుంటే బిలాల్ వంటి అల్లుడిని, ఉమ్మె ఐమన్ వంటి కోడలిని ఫోటో చూసి వెనక్కి పంపిస్తాము. అందగాడు కాని హజ్రత్ జులైబీబ్ (రజి) కోసం దైవప్రవక్తే (సఅసం) స్వయంగా ఒక అన్సారీ ఇంట సంబంధం అడిగారు. తల్లిదండ్రులు తటపటాయించారు. ఇంటి ఆడపిల్లే, కబురు ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో గుర్తుచేసి ఒప్పుకొంది. ఆ ఇంట్లో ధర్మం అర్థమైంది పిల్లకే.

సూదితో శరీరాన్ని ఇతరుల కళ్ళకు అనువుగా మలచటం చివరికి ఎంతదాకా పోతుందో మన జిల్లాయే చూసింది. తలుచుకోవటానికి కష్టమైనా చెప్పాలి. 2018 జూలై చివరలో భువనగిరికి కూతవేటు దూరంలోని యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు వ్యభిచార ముఠాల చెర నుంచి పదకొండు మంది ఆడపిల్లలను విడిపించారు. వారిలో కొందరు ఏడేళ్ళయినా నిండనివారు. పిల్లలు వయసుకు మించి ఎదిగినట్టు కనబడాలని వారికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లు ఇప్పించేవారని పోలీసులు ప్రకటించారు, ఒక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. ఆక్సిటోసిన్ తొమ్మిది పూసల దండ. కాన్పు సమయంలో గర్భాశయం ముడుచుకోవటానికి ఇచ్చే మందు. బర్రెలు పాలు చేపటానికి కొందరు దొంగచాటుగా వాడే సూది కూడా అదే. ఆ పసిపిల్లలు బాధితులు, వారికి ఏ ఎంపికా లేదు. మన ఇంటి పిల్లను వారితో పోల్చటం లేదు. అయితే ఆ ముఠా లెక్కలో శరీరం అంటే ఏమిటి? కొనేవాడి కంటికి ఎలా కనబడితే ధర పలుకుతుందో అలా తయారుచేయవలసిన సరుకు. రిష్తా చూసే గదిలో కూడా, ఎంత మర్యాదగా, ఎన్ని పలావు పళ్ళేల మధ్య జరిగినా, రంగును బట్టి జహేజ్ పెరిగే తగ్గే బేరం జరుగుతున్నప్పుడు ఆ లెక్క వాసన తగలటం లేదా? నల్లపిల్లకు రెండు తులాలు ఎక్కువ అడిగే అలవాటు మన ఊళ్ళలో లేదని ఎవరైనా అనగలరా?

మస్జిదు కమిటీలు, నికాహ్ సంబంధాలు కుదిర్చే పెద్దలు ఒక చిన్న పని చేయవచ్చు. పెళ్ళి వివరాల కాగితంలో 'రంగు' అన్న గడిని తీసివేయటం. ఖర్చు లేని పని. ఒక పెద్ద సంస్థ 1975 నుంచి అమ్ముతున్న తన క్రీము పేరులోని 'ఫెయిర్' అన్న మాటను 2020లో తీసివేసింది. వ్యాపారం కోసమే తీసివేసి ఉండవచ్చు. దైవభీతి గల మనం ఆ మాత్రం చేయలేమా?

ఇక, ఇప్పటికే ఈ సూదులు వేయించుకున్నవారు మన ఇళ్ళలో ఉంటే వారిని నిలదీయటం, పరువు పోయిందని దాచటం రెండూ తప్పే. సూదులు వెంటనే ఆపించండి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించండి. నల్లబడే మందు వాడిన యువకులైతే ఒంటిమీది మచ్చలను చర్మవైద్యునికి చూపించాలి. మచ్చ అంచులు వంకరగా మారినా, రంగులు కలగలిసినా, పెరిగినా, దురద పెట్టి రక్తం కారినా ఆలస్యం పనికిరాదు. మన వంటి చామనఛాయ వారిలో చర్మ క్యాన్సర్ అరికాళ్ళలో, అరచేతులలో, గోళ్ళ క్రింద కూడా దాగి ఉంటుంది, అక్కడా చూడాలి. అంత దూరం నగరానికి పోనక్కరలేదు, మన జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వైద్యుని దగ్గర మాత్రం ఏమి వాడారో దాచవద్దు. కొన్న సీసా ఖాళీదైనా సరే పారవేయకుండా, సీలు చీటీతో సహా వెంట తీసుకువెళ్ళండి. మందుల వల్ల కలిగిన హానిని తెలియజేయటానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 1800-180-3024 ఉంది. ఆ ఫిర్యాదు మరో ఇంటి పిల్లను కాపాడవచ్చు.